అన్నయ్య ఊరికి నా కొర్రీలు

మార్చి 4

కార్పొరేషన్ ఆఫీసుకి పదకొండు ఇళ్ల ప్లాన్లు వచ్చాయి. వాటిలో తొమ్మిదింటికి కొర్రీ వేసి వెనక్కి పంపాను. ఒక మహానుభావుడు మూడంతస్తుల ఇల్లు గీసి పైకెక్కడానికి మెట్లు మర్చిపోయాడు. ఇంకొకడు వంటింటికి కిటికీ పెట్టలేదు గానీ గోడకి పూలతీగ మాత్రం గీశాడు. ఇల్లు కట్టుకునేవాళ్లకి బుర్ర తప్ప అన్నీ ఉన్నాయి. "కొర్రీ గారు ఆ కుర్చీలో ఉన్నంతకాలం ఊళ్లో ఒక్క గోడ లేవదు" అని వెనకాల అనుకుంటారని నాకు తెలుసు. నేనున్నాను కాబట్టే లేచిన గోడలు కూలడం లేదు. ఆ సంగతి వాళ్లకెక్కుతుందా!

ఇంటికొచ్చేసరికి కింది వాటాలో వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది. నిన్న మధ్యాహ్నం పడుకున్న అన్నయ్య ఈ సాయంత్రం లేచాడట. లేచీ లేవగానే "నాకో ఊరు దొరికింది" అన్నాడట.

దొరికే ఉంటుంది. ముప్పై ఏళ్లు ఫొటో స్టూడియోలకి తెరలు గీసిన మనిషి. వెనకాల రాజమహలు, పక్కన పాలరాతి మెట్లు, మెట్ల మీద పూలకుండీ. వాటి ముందు నిలబడి జనం ఫొటోలు దిగేవాళ్లు. ఇప్పుడా తెరలు ఎవరికీ అక్కర్లేదు. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె. గుడిసె కట్టడం చేతకాలేదు గానీ ఊరు దొరికిందట.

మార్చి 6

ఆదివారం కదా అని కిందికి వెళ్లి కూర్చున్నాను. ఇంకెప్పుడూ వెళ్లకూడదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

నిద్రలోకి జారగానే సముద్రపు ఒడ్డున తేలతాడట. ఆ సముద్రం కదలదు. పడవలు నీళ్ల మీద కాకుండా నీళ్లకి జానెడు పైన వెళతాయి. చందమామలు రెండు. ఒకటి చాల్లేదు కాబోలు. ఒడ్డు నుంచి కొండ మీదికి మెట్లు, మెట్ల పైన పెద్ద గేటు, గేటు లోపల పచ్చరాతి ఊరు. అందులో ఎవరూ మాట్లాడరట. ముఖాలకి ముసుగులు, మణికట్లకి చిన్న చిన్న గంటలు, ఏం చెప్పాలన్నా ఆ గంటలతోనే చెబుతారట. నడిబొడ్డున ఒక గడియారం. దానికి ఒకటే ముల్లు. అది టైము చూపించదు, చూసేవాడి వైపు తిరుగుతుంది.

"ఊరు ఇంకా పూర్తి కాలేదురా. నేనేది అనుకుంటే అది లేస్తోంది. కడుతున్నాను" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఒడ్డు నుంచి గేటుకి మెట్లు ఎన్ని, ఒక్కో మెట్టు ఎత్తెంత అని అడిగాను. నోరు తెరిచాడు. లెక్కపెట్టలేదట. "మెట్ల లెక్క తెలియని ఊరు ఊరు కాదు అన్నయ్యా, దాన్ని కోతలంటారు" అని చెప్పి పైకి వచ్చేశాను.

మార్చి 7

రెండువందల పన్నెండు మెట్లట. ఒక్కోటి ఆరంగుళాల ఎత్తు. నిద్ర లేవగానే నన్ను కేకేసి మరీ చెప్పాడు. ఎవర్ని నమ్మించడానికి?

మార్చి 10

డాక్టరమ్మ ఇంటికొచ్చి చూసింది. గుండె బలహీనంగా ఉందంది. ఇలా రోజుకి ఇరవై గంటలు పడుకుని, తిండీ నీళ్లూ లేకపోతే ఆ గుండె ఎక్కువ రోజులు లాగదని కూడా అంది. చావు కబురు చల్లగా చెప్పడం వీళ్లకి కాలేజీలోనే నేర్పుతారు. లేపి తినిపించమంది. వదిన అన్నయ్య ముఖం మీద నీళ్లు చల్లింది, చెవి దగ్గర పళ్లెం మోగించింది. కుర్చీలో కూర్చోబెడితే కుర్చీలోనే నిద్రపోయాడు.

రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్లకి ఇలాంటి జబ్బులు రావు. వదిన రోజంతా లాండ్రీలో ఇస్త్రీపెట్టెతో నిలబడుతుంది. ఆవిడకి ఏ ఊరూ దొరకదు.

మార్చి 11

వదిన మేడ మీదికి వచ్చింది. ఈ పదేళ్లలో ఆవిడ నా గదికి వచ్చింది రెండుసార్లు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక మాట అడుగుతాను, ఎగతాళి చెయ్యకు" అంది.

"అడుగు వదినా."

"మొన్న నువ్వు మెట్లెన్ని అని అడిగావు. తెల్లారేసరికి తనంతట తానే లేచాడు. నిన్న ఎవరు లేపినా లేవలేదు. నీకు జవాబు చెప్పాలంటేనే లేస్తున్నాడు మీ అన్నయ్య. లేచినప్పుడే కదా నాలుగు ముద్దలు పెట్టగలిగేది."

"అంటే?"

"ఆ ఊళ్లో తప్పులు పట్టు. నీకది బాగా వచ్చు కదా."

పొగిడిందో తిట్టిందో అర్థం కాలేదు. కలకి కొర్రీ వేయాలట! ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఇంతకన్నా తక్కువ రకం ప్లాను నా బల్ల మీదికి రాలేదు. అయినా ఒప్పుకున్నాను. జాలితో మాత్రం కాదు. నాలుగు కొర్రీలు పడితే ఆ ఊరు పేకమేడలా పడుతుంది, మనిషి సిగ్గుపడి లేచి కూర్చుంటాడు. అందుకని.

మార్చి 12

కొర్రీ 1. వాన కురిస్తే నీళ్లు ఎటు పోతాయి? పడుకునే ముందు అన్నయ్య చెవిలో వేశాను.

మార్చి 13

లేచాడు. అక్కడ వాన పైనించి పడదట, రాళ్లలోంచి లేస్తుందట. అయినా నేనడిగాను కాబట్టి ప్రతి వీధికీ రెండు వైపులా కాలవలు తవ్వించాడట. వాలు ఎంత అన్నాను. వందకి ఒకటి అన్నాడు. సరైన వాలు అదే. ఎవరు చెప్పారు ఈయనకి?

వాలు గురించి వాదిస్తుండగా వదిన గిన్నె ఖాళీ చేయించింది. ఏం తింటున్నాడో కూడా చూసుకోలేదు.

మార్చి 17

ఇప్పటికి ఆరు కొర్రీలు. ఆరింటికీ జవాబులొచ్చాయి. నా దగ్గరున్న పెద్ద ట్రేసింగ్ కాగితం మీద ఆ ఊరు గీయడం మొదలుపెట్టాను. నమ్మి కాదు. నోటిమాటలో అబద్ధం దాక్కోవచ్చు, స్కేలు కింద దాక్కోలేదు. గంటలు పోతపోసే వీధి ఎడమకి తిరుగుతుందని పద్నాలుగో తారీకున అన్నాడు, పడవలరేవు దానికి ఉత్తరాన ఉందని నిన్న అన్నాడు. రెండూ నిజమైతే ఆ వీధి తిన్నగా వెళ్లి సముద్రంలో పడాలి. దొరికాడు.

మార్చి 18

దొరకలేదు. మధ్యలో వంతెన ఉందట, చెప్పడం మర్చిపోయాడట. గీసి చూశాను. సరిగ్గా వంతెన పట్టేంత జాగా ఉంది.

మార్చి 20

వీధుల వెడల్పు సరిపోయింది. ఒళ్లు మండింది.

మార్చి 22

ఆఫీసులో నా కింది గుమాస్తా "సార్, ఈమధ్య ప్లాన్లు త్వరగా వదిలేస్తున్నారు, ఒంట్లో బాగుందా" అని అడిగాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నిజం ఏమిటంటే ఈ పెట్టెల్లాంటి ఇళ్లు చూస్తే విసుగొస్తోంది. గది పక్కన గది, గది పక్కన గది. ఒక్కడూ కిటికీ ఎటు చూస్తుందో ఆలోచించడు.

దీనికీ అన్నయ్య ఊరికీ ఏ సంబంధమూ లేదు.

మార్చి 23

ఈ రోజు తలుచుకుంటేనే చిరాకు. సాయంత్రం డాక్టరమ్మ వచ్చేసరికి అన్నయ్య మెలకువగా ఉన్నాడు. నాడి చూడ్డానికి వచ్చిన మనిషి చూసి వెళ్లాలి కదా! గంటసేపు మంచం పక్కన కూర్చుని ఆ ఊరి సంగతులు వింది. "మరి పిల్లలు మాటలెలా నేర్చుకుంటారు?" అని అడిగింది. పుట్టిన బిడ్డ మణికట్టుకి మొదట ఒక్క గంటే కడతారట, రోజుకొకటి కలుపుతారట. "అబ్బ, ఎంత బాగుందో" అంది. వదిన కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. వదిన నవ్వి ఎన్నాళ్లయిందో.

ఇరవై ఏడేళ్లుగా నేను చూసిన ఇళ్లలో జనం బతుకుతున్నారు. మెట్ల మీదనించి ఎవరూ పడలేదు. ఏ గోడా ఎవరి మీదా కూలలేదు. ఏ డాక్టరమ్మా నా పక్కన కూర్చుని ఎంత బాగుందో అనలేదు.

అప్పుడు అడిగాను. "అన్నయ్యా, ఇన్ని ఇళ్లున్నాయి కదా. శ్మశానం ఎక్కడ?"

వదిన నవ్వడం మానేసింది.

"అక్కడ ఎవరూ చావరురా."

"ప్లాను తెచ్చే ప్రతివాడూ అదే అంటాడు. రూలంటే రూలే. వెయ్యి గడప దాటిన ఊరికి శ్మశానం ఉండాలి. లేకపోతే మంజూరు లేదు."

అన్నయ్య చాలాసేపు దుప్పటి అంచు సవరించుకున్నాడు. "నువ్వు చెప్పావంటే ఉండాల్సిందేలే" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కొర్రీ 11 అని పుస్తకంలో రాసుకున్నాను. మొదటిసారి నేను గెలిచాను.

మార్చి 24

లేవలేదు.

మార్చి 25

లేవలేదు. వేరే కొర్రీలు చెవిలో చదివాను. దీపాలు, సంత, పడవల లైసెన్సులు. కనురెప్ప కదల్లేదు.

మార్చి 26

ఇవాళ కూడా. డాక్టరమ్మ చేతికి సూదిపెట్టి సీసా వేలాడదీసింది. నా వైపు చూడలేదు. చూడకపోతే నాకేం?

మార్చి 27

పొద్దున్న తొమ్మిదింటికి లేచాడు. బుగ్గలు లోపలికి పోయాయి. వదిన నోటికి చెంచా అందిస్తే తల పక్కకి తిప్పేసుకున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"కట్టానురా. ఊరికి పడమర. చుట్టూ గోడ, గోడకి చిన్న గేటు. నీళ్లు నిలవకుండా వాలు కూడా ఇచ్చాను. నువ్వు అడుగుతావని."

"బాగుంది. ఇక తిను."

"శ్మశానం ఉంటే దానికో మనిషి కావాలి కదా. వాళ్లకి చావు తెలియదు. అక్కడ చావగలిగినవాణ్ని నేనొక్కణ్నే. అందరూ వచ్చి నిలబడ్డారు. కోపంగా ఏం లేరు, పాపం మర్యాదగానే ఉన్నారు. గుంట తవ్వారు. నా కొలతకే తవ్వారు."

వదిన గిన్నె కింద పెట్టేసింది.

"ఈసారి వెళ్తే ఇక ఆ పనే. మంచిదేలే. ఊరు పూర్తవుతుంది" అన్నాడు అన్నయ్య. నిజంగా సంతోషంగానే అన్నాడు.

చూసి వెళ్తున్న డాక్టరమ్మని గుమ్మం దాకా సాగనంపాను. "ఈసారి నిద్రపోతే గుండె ఆగదని నేను మాటివ్వలేను" అంది.

మార్చి 28

నిన్నటి నుంచి, రాత్రి కూడా కళ్లు మూయనివ్వకుండా, వదినా నేనూ చెరో రెక్కా పట్టుకుని అన్నయ్యని గదిలో నడిపించాం. చల్లనీళ్లు, కాఫీ, మళ్లీ నడక. ఆఫీసుకి సెలవు పెట్టాను. సెలవు కాగితం చూసి అక్కడ పండగ చేసుకుని ఉంటారు.

ముందు తెలివి ఉపయోగించాను. గోడ ఎత్తు చాల్లేదన్నాను, గేటు తూర్పుకి ఉండాలన్నాను. వాయిదా పడుతుందేమోనని. "అవి చిన్నవేరా, వెళ్లి సరిచేస్తాను" అన్నాడు. వెళ్లడమే వద్దు మొర్రో అంటే వినడు.

పన్నెండింటికి ఆ మాట నోట్లోంచి వచ్చింది. "అన్నయ్యా, కొర్రీ పదకొండు వెనక్కి తీసుకుంటున్నాను." సర్వీసులో ఇప్పటిదాకా ఒక్క కొర్రీ వెనక్కి తీసుకోలేదు. మేయర్ బావమరిది ప్లానుకి వేసింది కూడా తీసుకోలేదు.

"ఎందుకు? తప్పా?" అన్నాడు.

"తప్పే."

"నీ కొర్రీ తప్పవడం ఏమిట్రా?" నవ్వాడు. "నువ్వు కుర్రాడిగా ఉన్నప్పుడు నా తెర ముందు నిలబడి, అన్నయ్యా ఈ మెట్లెక్కితే మనిషి గోడలోకి పోతాడు అన్నావు. తుడిచేసి మళ్లీ గీశాను. అప్పటి నుంచి ఏ తెర గీసినా, వీడొచ్చి చూస్తే ఏమంటాడు అనుకుంటూనే గీశాను. నువ్వు చూసి ఊరుకున్నవే స్టూడియోకి పంపేవాణ్ని."

నాకు తెలియదు. ఆ తెరలు చూసి నేను ఊరుకున్నది బాగున్నాయని కాదు. చూడదగ్గవి కాదని.

"అసూయతో వేశాను. డాక్టరమ్మ నీ మాటలు విని మెచ్చుకుంటుంటే చూడలేక వేశాను. ఆ రూలు పుస్తకంలో లేదు. నేనే పుట్టించాను" అన్నాను. నా మాట నాకే ఇంత నీచంగా ఎప్పుడూ వినిపించలేదు.

"నా మీద జాలిపడి అబద్ధం చెబుతున్నావు" అన్నాడు. నేను మొదటిసారి నిజం చెబితే నమ్మలేదు.

నాలుగింటికి నడుస్తూ నడుస్తూనే నిద్రపోయాడు. మంచం మీదికి చేర్చాం.

మార్చి 29, పొద్దున

నాడి దారప్పోగులా ఆడుతోంది. వదిన నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీ ఆఫీసులో ప్లాను చూసి కొర్రీ వేస్తావా, స్థలం చూసి వేస్తావా?"

"రెండూ చూడాలి. స్థలం చూడకుండా వేసిన కొర్రీ చెల్లదు."

"మరి ఆ స్థలం నువ్వు చూశావా?"

చూడలేదు. ఇన్ని కొర్రీలు వేశాను, ఒక్కసారి తనిఖీకి వెళ్లలేదు. కొత్తగా చేరిన గుమాస్తా కూడా చేయని తప్పు. పని చేతకానివాళ్లని ఇన్నేళ్లు తిట్టుకుంటూ వచ్చాను, అందరికన్నా చేతకానివాణ్ని నేనే.

"వెళ్లు. వెళ్లి చూడు" అంది వదిన. నాకు కలలు రావు. నిద్రపోతే మొద్దునే. ఆ మాటే అన్నాను. "ముప్పై ఏళ్లుగా మీ అన్నదమ్ములిద్దరికీ చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. ఒకడు లేవడు, ఒకడు పడుకోడు" అని వదిన అన్నయ్య మంచం పక్కన చాప పరిచింది.

ఎండ కిటికీలోంచి నేల మీద పడుతోంది. ఈ ఎండలో నిద్రేం పడుతుంది? ప్లాను చుట్టి పక్కన పెట్టుకున్నాను. వదిన తలుపు వేస్తోంది.

మార్చి 29, సాయంత్రం

నేను లేచేసరికి అన్నయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. గిన్నె తన చేత్తోనే పట్టుకుని తింటున్నాడు. వదిన ఏడుస్తోంది. ఏం జరిగిందని అడిగింది. ఏమీ లేదు, మొద్దు నిద్ర, ఒక్క కల రాలేదు అన్నాను.

మార్చి 31

ఇవాళ అన్నయ్య వదినతో అన్నాడు. నాతో కాదు. నేను అక్కడే ఉన్నాను. "గేటుకి తాడు కట్టి లక్కసీలు వేశాడు. మనుషులుండటానికి పనికిరాదని ఎర్రపెన్సిల్‌తో రాసి అంటించాడు. నా చెయ్యి పట్టుకుని మెట్ల కిందిదాకా ఈడ్చుకొచ్చాడు. రెండు రోజుల నుంచి ఒడ్డుకే వెళ్లలేకపోతున్నాను. కళ్లు మూస్తే చీకటే. అందరూ నిద్రపోయినట్టే నిద్రపోతున్నాను."

వదిన నా వైపు చూసింది. "నాకేం తెలియదు వదినా" అన్నాను.

ఏప్రిల్ 2

తెలుసు.

ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. వెళ్లాను. సముద్రం కదల్లేదు. మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. రెండువందల పన్నెండు. నా మోకాళ్లు ఒక్కసారి కూడా నొప్పెట్టలేదు, ఆ ఎత్తు అంత సరిగ్గా ఉంది. గేటు దాటగానే గంటలు. నేను నా బతుకంతా విన్న మాటలన్నీ కలిపినా ఆ ఒక్క వీధిలో మోగినంత మర్యాదగా ఉండవు. పచ్చరాయి మీద చెయ్యి పెట్టాను, వెచ్చగా ఉంది. ప్రతి కిటికీ దేన్నో ఒకదాన్ని చూస్తోంది. ఏ కిటికీ పక్కింటి గోడని చూడటం లేదు. మూలమూలలా వెతికాను. అలవాటు కొద్దీ వెతికాను, తర్వాత కావాలని వెతికాను. ఒక్క తప్పు లేదు. ఆ ఊరంత అందమైన చోటు నేను చూడలేదు, చూడబోను.

పడమర వైపు జనం దీపాలు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో అన్నయ్య, గుంట అంచున, కొత్త చొక్కా వేసుకుని. ఎవరూ తోయడం లేదు. ఆయనే దిగబోతున్నాడు. కొర్రీ వెనక్కి తీసుకున్నానని అరిచాను. గంట లేని మనిషి మాట అక్కడెవరికి వినిపిస్తుంది?

అందుకని నాకొచ్చిన పని చేశాను. ఊరు మొత్తం రద్దు చేశాను. ఇంకెవరి ఊరైనా అయితే చేసేవాణ్ని కాదు.

ఏప్రిల్ 9

అన్నయ్య పొద్దున్నే లేస్తున్నాడు. మందులు వేసుకుంటున్నాడు. వీధి చివరిదాకా నడుస్తున్నాడు. డాక్టరమ్మ ఊరి సంగతులు అడిగితే "ఏ ఊరు?" అన్నాడు. నాతో ఒక్క మాట లేదు.

ఇవాళ ఒక్కడే మేడెక్కి నా గుమ్మంలో నిలబడ్డాడు. ఆయాసపడుతున్నాడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"నువ్వు వచ్చావు. నేను చూశాను. తెలియదని వదినకి చెప్పుకో, నాకు చెప్పకు" అన్నాడు. "పోయింది పోయింది. ఒక్కటి చెప్పు చాలు. చూసినవాడివి నువ్వొక్కడివే. ఎలా ఉందిరా ఊరు?"

బాగుందంటే చాలు. ఆ ఒక్క మాట పట్టుకుని మళ్లీ పడుకుంటాడు. ఇంకో దారి, ఇంకో గేటు, ఏదో ఒకటి వెతుక్కుంటాడు. ఈసారి లేవడు.

"ఏముంది అక్కడ చూడ్డానికి? గోడలకి సున్నం కూడా తిన్నగా వేయలేదు. ఎవరో చేతకానివాడు కట్టిన ఊరు" అన్నాను.

నా ముఖంలోకి చూశాడు. నన్ను ఇంత అసహ్యంగా ఎవరూ చూడలేదు, ఆఫీసులో కూడా. మెట్ల గోడ పట్టుకుని మెల్లగా దిగి వెళ్లాడు. కాసేపటికి కింద పళ్లెం చప్పుడు వినిపించింది. వదినని ఇంకొంచెం పెట్టమన్నాడు.